మా ఇంటి వామి ఎందుకు కాలింది

అగ్నిమాపక శాఖలో కొత్తగా చేరిన పిల్లల కోసం నాలుగు పేజీలు రాసి ఇవ్వమని మా పాత స్టేషన్ వాళ్లు అడిగారు. నిచ్చెన ఎక్కడం, గొట్టాలు పరచడం, పంపు నడపడం మీకు శిక్షణలో నేర్పే ఉంటారు. నాకు నేర్పినదానికంటే బాగానే నేర్పి ఉంటారు. నిప్పు ఆరిపోయాక ఏం చేయాలో మాత్రం ఎవరూ నేర్పరు. నేను రాసేది దాని గురించే.

నా గురించి ఒక్క పేరా. కుసుమంచి వైపు ఒక ఊళ్లో మాది దొరల ఇల్లు. ఇప్పుడు అక్కడ ఒక మట్టిదిబ్బ, రెండు రాతి స్తంభాలు ఉన్నాయి. పడిపోయిన ఇంటి వారసుణ్ని అని నేనే ముందు చెప్తాను. ఇంకొకరి నోట వినడం నాకు ఇష్టం ఉండదు. నేను ఫైర్‌మన్‌గా చేరిన రోజు మా నాన్న నాతో మాట్లాడలేదు. ఖాకీ వేసుకుని ఎవరికో సెల్యూట్ కొట్టాల్సి వస్తుందని ఆయన బాధ. నేను ముప్పై ఏడేళ్లు కొట్టాను. వెన్ను వంచకుండానే కొట్టాను.

మా ఇంట్లో చెప్పుకున్న కథ

నేను ఈ ఉద్యోగానికి రావడానికి కారణం మా ఇంటి గడ్డివామి. అది కాలినప్పుడు నాకు ఎనిమిదేళ్లు.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. కోతలయ్యాక దొర వామి లేచేదాకా ఊళ్లో ఇంకెవరూ వామి వేయకూడదు. మాది లేచాకే మిగతావాళ్లవి లేవాలి. ఆ ఏడు పంట కోతకు వచ్చాక వానలు పడ్డాయి. గడ్డి తడిసింది. పూజారి అయ్యగారు పెట్టిన ముహూర్తం దగ్గర పడింది. ఊరంతా తమ గడ్డి కళ్లాల్లో పరుచుకుని మా కోసం ఎదురుచూస్తోంది. మా తాత ముహూర్తం మార్చలేదు. ఇంకొకరిని ముందు వేసుకోనివ్వలేదు. తడి గడ్డే ఎత్తించాడు.

కొమురయ్య అని మా పాలేరు ఉండేవాడు. ముప్పై ఏళ్లు కూడా లేవు. వామి మీద నిలబడి గడ్డి తొక్కేది అతనే. సగం లేచాక దిగి వచ్చి, తలగుడ్డ చేతిలో పట్టుకుని అన్నాడు:

"దొరా, గడ్డి పచ్చిగున్నది. నాలుగు దినాలు ఆరబెడదాం. గిట్లనే కుప్పేస్తే కాలిపోతది."

"వామి నీదా, నాదా?" అన్నాడు మా తాత.

"మీదే దొరా."

"మరి ఎక్కు."

అతను ఎక్కాడు. వామి లేచింది. ఇరవై రోజులకు, పట్టపగలు, అందరూ అన్నాలు తినే వేళ అది భగ్గుమంది. గాలికి పశువుల కొట్టం అంటుకుంది. మా చిన్నాన్న రంగన్న, పెళ్లి కుదిరిన మనిషి, ఎడ్ల పలుపులు విప్పడానికి లోపలికి వెళ్లాడు. రెండెడ్లు బయటికి వచ్చాయి. ఆయన రాలేదు.

సాయంత్రానికి మా తాత కారణం తేల్చేశాడు. కాలుతుందని ముందే చెప్పినవాడు ఒక్కడే. నిప్పు పెట్టకపోతే వాడికెలా తెలుసు? కొమురయ్యను రాతి స్తంభానికి కట్టి కొట్టారు. అతని భార్య, చంకలో నాలుగేళ్ల ఆడపిల్లతో, అరుగు కింద నేలమీద పడి ఉంది. పొద్దుగూకేలోపు ముగ్గురినీ ఊరు దాటించారు. నేను అరుగు మీద నిలబడి చూశాను. తగిన శాస్తి జరిగిందనుకున్నాను. ఎనిమిదేళ్లవాణ్నే, అయినా అనుకున్నాను.

తర్వాత మా ఇల్లు కోర్టుల వల్ల, పంపకాల వల్ల, మా వాళ్ల తాగుడు వల్ల పడిపోయింది. ఇంట్లో మాత్రం ఎవరూ వాటి పేరెత్తలేదు. "కొమురిగాడు నిప్పు పెట్టిన నాటి నుంచి" అని మొదలుపెట్టేవారు. నిప్పుతో నాకు పాత పగ ఉందనుకునే నేను ఈ శాఖలో చేరాను.

ఖాసిం సార్ దగ్గర నేర్చుకున్నది

నా మొదటి స్టేషన్ ఆఫీసర్ ఖాసిం సార్. పొట్టి మనిషి, పాన్ నమిలేవాడు, కేకలు వేసేవాడు కాదు. ఒకసారి భద్రాచలం దారిలో తునికాకు గోదాములో పొగ వస్తోందని వెళ్లాం. షట్టరు మూసి ఉంది. నేను గబగబా గొలుసు తెంపబోయాను.

"ఆగు. ముందు షట్టరు మీద చెయ్యి పెట్టి వేడి చూడు," అన్నాడు ఆయన.

"చూసేదేముంది సార్, లోపల కాలుతోంది."

ఆయన చెప్పేది నేను వినడమేమిటన్న పొగరు నాలో అప్పటికింకా చావలేదు. గొలుసు తెంపి షట్టరు ఎత్తాను. లోపల గాలి కోసం నకనకలాడుతున్న మంట ఒక్కసారిగా బయటికి దూకింది. నాకు కనుబొమ్మలు పోయాయి. నా పక్కనున్న ఫైర్‌మన్ అయిలయ్యకు రెండు చేతులూ కాలాయి. అతను మళ్లీ గొట్టం పట్టుకోలేదు. పద్నాలుగేళ్లు ఫోన్ దగ్గర కూర్చుని రిటైరయ్యాడు. ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అనుంటే నాకు కొంత తేలికయ్యేది.

దవాఖానా వరండాలో ఖాసిం సార్ నాతో అన్నాడు: "బేటా, మంట అబద్ధం చెప్పదు. ఎట్ల పుట్టిందో, ఏ దిక్కు పోయిందో అంతా రాసి పెట్టి పోతది. మనం సదవం. జల్దీ ఎవడో ఒకణ్ని పట్టుకుంటం."

ఆ మాట నాకు ఒక చలికాలం పొద్దున అర్థమైంది. మణుగూరులో బొగ్గు పనివాళ్ల ఇళ్ల వరుసలో ఒక తలుపు తెరుచుకోవడం లేదని పిలిచారు. తలుపు పగలగొట్టాం. మంట లేదు, పొగ లేదు. మంచం మీద కొడుకు, కింద చాప మీద తల్లి, ఇద్దరూ చనిపోయి ఉన్నారు. తలుపు సందు దగ్గర పడుకున్న కోడలు మాత్రం కళ్లు తెరిచింది. ఆమెను బయటికి తెచ్చి పడుకోబెట్టామో లేదో, ఆడబిడ్డ వచ్చి ఆమె జుట్టు పట్టుకుంది. "ఏం కలిపినవే అన్నంల?" అని ముఖం మీద కొట్టింది. ఇంకో ఇద్దరు కలిశారు. లేచి కూర్చోలేని మనిషిని మా ముందే కొట్టారు.

ఖాసిం సార్ లోపలికెళ్లి మంచం కిందినుంచి ఒక ఇనుప కుంపటి లాగి తెచ్చి వాళ్ల మధ్య పెట్టాడు. అందులో బూడిదైన బొగ్గు. చలికి కుంపటి పెట్టుకుని, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి పడుకున్నారు. బొగ్గు గాలి ఇద్దరినీ తీసుకుపోయింది. కుంపటిని చూసి ఆడబిడ్డ చెయ్యి దింపింది. కొట్టిన వాళ్లలో ఒకావిడే పోయి ఆ కోడలికి నీళ్లు తెచ్చింది. ఆ కోడలు తాగలేదు.

బొగ్గు కుప్ప దగ్గర

నా ఉద్యోగంలో అతి పెద్ద తప్పు ఇక్కడ మొదలైంది. ఇందులో ఎవరూ కాలలేదు కాబట్టి మీకు ఇది తప్పుగా కనిపించకపోవచ్చు.

ఒక ఇటుక బట్టీ దగ్గర బొగ్గు కుప్ప పొగలు కక్కుతోందని వెళ్లాం. ఎవరు నిప్పు వేశారని నేను బట్టీ మేస్త్రీ రాజమల్లును గట్టిగా అడిగాను. అతను బొగ్గు గనిలో పనిచేసి వచ్చినవాడు. నన్ను జాలిగా చూశాడు.

"ఎవ్వరెయ్యలే సార్. బొగ్గు దానంతటదే అంటుకుంటది. కుప్ప పెద్దగయితే లోపల ఉడుకు పుడతది. ఆ ఉడుకు బయటికి పోకపాయె. గంతే."

"ఎవరూ పెట్టకుండా?"

"తడి గడ్డి గూడ గట్లనే గద సార్. మా ఊళ్లె రెండు వాములు పోయినయ్. ముందుగాల వాసనొస్తది, బెల్లం మాడినట్టు."

జీపు మెట్టు మీద కూర్చున్నాను. ఎందుకంటే ఆ వాసన నాకు తెలుసు. వామి కాలడానికి నాలుగు రోజుల ముందు నేను దాని మీద ఎక్కి ఆడుకున్నాను. నడిమధ్యలో గుంట పడింది. గడ్డిలో చెయ్యి దూర్చితే వెచ్చగా, తడిగా తగిలింది. ఇంట్లోకి పరుగెత్తి మా అమ్మతో, "వామిల ఎవరో బెల్లం వండుతున్నరే" అన్నాను. అందరూ నవ్వారు. మా చిన్నాన్న నన్ను ఎత్తుకుని మరీ నవ్వాడు.

ఖాసిం సార్‌ను అడిగాను. "అవ్, తడి గడ్డి అంతే. ఇరవై దినాలు, నెల పడతది," అన్నాడు. ఎందుకడిగావని అడగలేదు. నేను చెప్పలేదు.

అప్పుడు నాకు ముప్పై ఒకటి. మా నాన్న బతికే ఉన్నాడు. చెబితే మా చిన్నాన్నను చంపింది మా తాత మొండితనమని చెప్పినట్టవుతుంది. మా ఇంటికి ఇంకేం మిగల్లేదు, మాకు అన్యాయం జరిగిందన్న ఈ ఒక్క గర్వం తప్ప. దాన్ని కూడా తీసేయడానికి నాకు నోరు రాలేదు. మా నాన్న పోయాక చెప్పవచ్చు అనుకున్నాను. ఆయన పోయాడు. అయినా చెప్పలేదు.

ఇంకొకటి కూడా రాయాలి. కొమురయ్య బొగ్గు బెల్టుకు వలస వచ్చాడని, పినపాక దగ్గర ఒక గూడెంలో ఉంటున్నాడని నాకు తెలిసింది. ఆ దారిలో పని పడితే ఒకసారి ఆ ఇంటి ముందు బండి ఆపించాను. ముసలివాడు నులక పేనుతున్నాడు. నన్ను గుర్తుపట్టి లేచి చేతులు కట్టుకున్నాడు.

"కూర్చో," అన్నాను.

అతను నేల మీద కూర్చున్నాడు. ఇంట్లోంచి ఎవరో ఆడమనిషి చాయ్ తెచ్చి ఇచ్చింది. తాగాను. ఆరోగ్యం ఎలా ఉందని అడిగాను. బాగుందన్నాడు. లేచి వచ్చేశాను.

ట్రాక్టరుకు కట్టేసిన మనిషి

నా సర్వీసు ఆఖరి ఏడు, నేను స్టేషన్ ఆఫీసర్‌గా ఉండగా, పినపాక వైపు ఒక పొలం నుంచి పిలుపు వచ్చింది. పొద్దున పదిన్నర. ఇప్పుడు వాములు ఎక్కడివి, మిషన్ కోస్తుంది, ఇంకో మిషన్ గడ్డిని గుండ్రంగా మోపులు కడుతుంది. ఆ మోపులు రెండు కుప్పలుగా వేసి ఉన్నాయి. ఒక కుప్ప కాలుతోంది. రెండో దానికి అంటకుండా మా వాళ్లు నీళ్లు మొదలుపెట్టారు.

పొలం యజమాని యాదగిరి నా దగ్గరికి వచ్చాడు. "సార్, నీళ్లు వాళ్లు గొడతరు. మీరు ముందు వీణ్ని చూడుండ్రి."

ట్రాక్టరు ట్రాలీ కొక్కేనికి ఒక మనిషిని కట్టేశారు. ఇరవై ఏడేళ్లుంటాయి. పెదవి చిట్లింది. మోపుల మిషన్ నడిపే నరేష్ అని చెప్పారు.

"ఏం చేసిండు?" అన్నాను.

"అంటువెట్టిండు."

"చూసినవా?"

"చూసుడెందుకు సార్. మోపులు కట్టేటప్పుడే అన్నడు, గడ్డి పచ్చిగున్నది, గిట్లనే కుప్పేస్తే కాలిపోతదని. నేను ఇనలే. ఇయ్యాల కాలింది. వీడు పెట్టకుంటే వీనికి ముందుగాల ఎట్లెరుక?"

నేను ఎన్నో చూశాను. తలుపులు పగలగొట్టాను, గోదావరిలోంచి పిల్లల్ని తీశాను. ఆ పొలంలో నిలబడ్డట్టు ఎక్కడా నిలబడలేదు. యాభై రెండేళ్ల క్రితం మా అరుగు ముందు పలికిన మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా ఎదురుగా వినిపిస్తున్నాయి.

యాదగిరి ఆపలేదు. "మా అత్తగారిది మీ ఊరే సార్. వీడు కొమురయ్య మనవడు. మీ వామి కాలవెట్టింది వీళ్ల తాతనే గద. మీ చిన్నాయన దాంట్లనే పాయె. వీళ్ల రక్తమే గది. మీకు నేను చెప్పాల్నా."

అప్పుడు చూశాను ఆమెను. ట్రాక్టరు చక్రం పక్కన యాభై ఆరేళ్ల ఆడమనిషి, కొడుకు కట్లు పట్టుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. నావైపే చూస్తోంది. కొమురయ్య బిడ్డ సమ్మక్క, ఆనాడు తల్లి చంకలో ఉన్న పిల్ల.

"కట్లు విప్పు," అన్నాను.

"పోలీసులు వస్తున్నరు సార్, వాళ్లు వచ్చినంక..."

"నేను చూసి రాసేదాకా ఇది నేరం కాదు. విప్పు."

విప్పారు. మంట ఆరాక కాలిన కుప్పను కొంకులతో లాగించాను. పైనున్న మోపులు అక్కడక్కడ పసుపుగానే ఉన్నాయి. లోపలికి వెళ్లేకొద్దీ నలుపు. నడిమధ్యన మోపులు బొగ్గయి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. బయటినుంచి పెట్టిన మంట అలా కాల్చదు. తర్వాత కాలని రెండో కుప్ప దగ్గరికి యాదగిరిని తీసుకెళ్లాను. పొడుగాటి ఇనుప చువ్వ నడిమధ్యకు దిగ్గొట్టించి, కొంతసేపు ఉంచి లాగించాను.

"చివర పట్టుకో."

పట్టుకుని వెంటనే వదిలేశాడు. అరచెయ్యి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"దీనికి ఎవరు నిప్పు పెట్టిండ్రు?"

చువ్వ తీసిన రంధ్రంలోంచి ఆవిరి వచ్చింది. గుంపులో ఒక ముసలామె ముక్కు ఎగబీల్చింది. "బెల్లం మాడినట్టున్నదిరా," అంది.

యాదగిరి తల దించుకున్నాడు. కానీ అతనికీ ఒక పౌరుషం ఉంది కదా. "సరే సార్. ఇయ్యాలటిది ఒప్పుకుంటం. మరి మీ వామి సంగతేంది? అది కొమురయ్య చేసిందేనాయె. ఊరందరికి ఎరుక."

జరిగిందేమీ లేనట్టు బండెక్కి వచ్చేయవచ్చు. నరేష్ కట్లు విప్పించాను, రిపోర్టు రాస్తాను, నా పని అయిపోయింది. అలా వదిలేస్తే ఆ పొలంలో కాకపోతే ఇంకో పొలంలో అతన్ని మళ్లీ కట్టేస్తారు.

"కాదు," అన్నాను. "అది కూడా తడి గడ్డే. మా తాత ఎత్తించిండు. వద్దని చెప్పింది కొమురయ్య ఒక్కడే. మా చిన్నాన్న మా తాత మాటకే చచ్చిపోయిండు."

పంపు మోత ఒక్కటే వినపడుతోంది.

సమ్మక్క అడిగింది

ఆమె నా దగ్గరికి వచ్చింది. చేతులు కట్టుకోలేదు.

"ఎప్పటి సంది ఎరుక సారూ మీకు?"

అబద్ధం చెప్పే వీలుంది. ఇప్పుడే చువ్వ చూసి తెలుసుకున్నాననవచ్చు.

"ఇరవై తొమ్మిదేళ్ల నుంచి," అన్నాను.

ఆమె వేళ్ల మీద లెక్క వేసుకుంది. "మా నాయన పోయి అయిదేండ్లే ఆయె."

ఆమె కొడుకు వైపు ఒకసారి చూసి మళ్లీ నావైపు తిరిగింది.

"మీరొకపారి ఇంటికి వచ్చిండ్రు. చాయ్ ఇచ్చింది నేనే. మీరు పోయినంక నాయన ఆ దినమంత నవ్వుకుంట కూసున్నడు. దొర మనవడు నన్ను కూసోమన్నడే బిడ్డా అని, ఇంటికొచ్చినోళ్లందరికి చెప్పిండు."

మంటల దగ్గర మనుషులు నన్ను తిట్టారు, కాళ్లు పట్టుకున్నారు, ఒకసారి రాళ్లు వేశారు. ఆ మాటంత గట్టిగా ఏదీ తగల్లేదు.

"నోటి మాట నాకొద్దు," అంది ఆమె. "రేపు మీరుండరు, నేనుండ. వీడుంటడు. కాయితం మీద రాసియ్యుండ్రి."

రిపోర్టు

మన అగ్నిప్రమాద నివేదికలో కారణం అని ఒక కాలమ్ ఉంటుంది. నేను కూడా తొందరలో వందసార్లు అందులో 'షార్ట్ సర్క్యూట్' అని రాసి సంతకం పెట్టాను. కరెంటు తీగ వచ్చి ఎదురు చెప్పదు కదా. మీరు అలా రాయకండి. తెలియకపోతే 'తెలియలేదు' అని రాయండి. తెలిస్తే ఆ రోజే రాయండి. అందులో మీ ఇంటివాళ్ల పేరున్నా రాయండి. నేను మీకు చెప్పగలిగింది ఇంతే, మిగతా పని మీకు మీ చేతులే నేర్పుతాయి.

వారం తర్వాత ఒక ఖాళీ ఫారం తీసుకుని మా ఇంటి వామికి రిపోర్టు రాశాను. అంత పాత ప్రమాదానికి ముద్ర వేసే అధికారం నాకు లేదు. సంతకం పెట్టాను. పట్టుకుని ఆ గూడెం వెళ్లాను. సమ్మక్క వాకిట్లో కంది కాయలు ఒలుస్తోంది. నరేష్ ఫారం తీసుకుని తల్లికి గట్టిగా చదివాడు. పెదవి మీద గాయం ఇంకా మానలేదు, కొన్ని మాటల దగ్గర ఆగి చదివాడు.

"స్థలం: దొర ఇంటి పశువుల కొట్టం పక్కన. కాలినది: గడ్డివామి, కొట్టం. మరణం: రంగన్న, దొర చిన్న కొడుకు. కారణం: తడి గడ్డి కుప్ప వేయడం వల్ల లోపల పుట్టిన వేడి. ముందుగా హెచ్చరించినవారు: కొమురయ్య గారు."

ఆ కింద 'మనుషుల ప్రమేయం' అని ఉంటుంది. అక్కడ నేను మొదట 'లేదు' అని రాయబోయి ఆగాను. ఆగాక రాసినదాన్ని నరేష్ చదివాడు.

"ఉంది. ఆ రోజు మా తాత. తర్వాత నేను."

సమ్మక్క ఒలవడం ఆపింది.

"నాయన పేరున్న కాడ మల్లొకసారి సదువు బిడ్డా."

అతను చదివాడు. ఆమె ఇంకోసారి చదవమంది. నేను వాకిట్లో నిలబడే ఉన్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు.